కాందిశీకుని కథనం: జాషువ కావ్యాల్లో పలాయనం, పరిహాసం, సాక్ష్యం

వ్యాససంగ్రహం

ఇల్లు, ఊరు, ఆశ్రయం కోల్పోయిన మనిషి తన కష్టాన్ని లోకానికి ఎలా చెప్పుకుంటాడన్నది సాహిత్యంలో పాత ప్రశ్న. ఏడ్చి చెప్పుకున్నవాడికి దాత దొరకవచ్చు. నవ్వుతూ, ఎత్తిపొడుస్తూ చెప్పినవాడికి శ్రోత దొరుకుతాడు. ఈ భేదాన్ని ఆధారం చేసుకొని గుఱ్ఱం జాషువ రచించిన ‘ఫిరదౌసి’, ‘గబ్బిలం’, ‘కాందిశీకుడు’ కావ్యాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూడింటిలోనూ నాయకుడు ఏదో ఒక రీతిలో నిలువనీడ లేనివాడే. తెలుగు నిందాస్తుతి సంప్రదాయం, కృష్ణా డెల్టా నాటకరంగం ఈ కావ్యాలకు ఇరువైపులా నిలిచి అర్థాన్నిచ్చే తీరును కూడా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కాందిశీకుడు, జాషువ, నిందాస్తుతి, వ్యంగ్యం, గబ్బిలం, ఫిరదౌసి, కాటిసీను, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం

‘కాందిశీకుడు’ అనే మాటలోనే ఒక ప్రశ్న దాగి ఉంది. ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు?’ అని అర్థం. ఏ దిక్కుకు పోవాలో తోచక పరుగెత్తేవాడు కాందిశీకుడు. ‘శరణార్థి’ అనే మాట శరణు కోరే చోటును చూస్తుంది. ‘వలసకూలీ’ అనే మాట పనిని చూస్తుంది. ‘కాందిశీకుడు’ అనే మాట మాత్రం దారి మధ్యలో నిలిచిన మనిషిని, అతని అయోమయాన్ని చూస్తుంది. 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక శరణార్థిని చట్టపరంగా నిర్వచించింది. జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం కారణంగా పీడన భయంతో స్వదేశం వెలుపల ఉన్నవాడు ఆ నిర్వచనంలోకి వస్తాడు. సరిహద్దు దాటకుండానే బహిష్కృతుడైనవాడికి అందులో చోటు లేదు. తెలుగు మాటకు అటువంటి హద్దు లేదు. పరుగు, భయం, దిక్కుతోచనితనం ఉంటే చాలు.

తెలుగువారికి ఈ మాట రెండవ ప్రపంచయుద్ధకాలంలో ప్రత్యక్షానుభవమైంది. అప్పటికి కొన్ని తరాలుగా తెలుగు కూలీలు బర్మాకు వెళ్తున్నారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరుమీదుగా అక్కడ వారిని కోరంగీలని పిలిచేవారు. ఓడరేవుల్లో, బియ్యపు మిల్లుల్లో వారి శ్రమ నడిచింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించాయి. 1942 మార్చిలో ఆ నగరం జపాను వశమైంది. లక్షల సంఖ్యలో భారతీయులు ఆరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిలో కాలినడకన స్వదేశానికి తరలివచ్చారు. ఆకలి, కలరా, మలేరియాలతో దారిలోనే ప్రాణాలు విడిచినవారు వేలమంది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై కూడా బాంబులు పడటంతో తీరాంధ్ర ఊళ్ళలోనూ పరుగు మొదలైంది.

ఆ పరుగును కావ్యవస్తువుగా స్వీకరించి, ఆ మాటనే కావ్యనామంగా నిలిపిన కవి గుఱ్ఱం జాషువ (1895–1971). ‘కాందిశీకుడు’ 1945లో వెలువడింది. అయితే జాషువ కవిత్వంలో నిలువనీడ లేని మనిషి మొదటిసారి కనిపించడం అప్పుడే కాదు. 1932 నాటి ‘ఫిరదౌసి’లో పారసీక కవిగా, 1941 నాటి ‘గబ్బిలం’లో దక్షిణదేశపు అస్పృశ్యుడిగా అతడు అంతకుముందే కనిపించాడు. ఈ ముగ్గురినీ ఒకే వరుసలో చూస్తే ఒక పోలిక స్పష్టమవుతుంది. వీరెవరూ తమ కష్టాన్ని కేవలం విలపించి ఊరుకోరు. కథగా చెబుతారు, ఆ కథలో ఎక్కడో ఒకచోట నవ్వును దాచిపెడతారు. ఆ నవ్వు చేసే పనేమిటన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

2. హాస్యం, కరుణ: వైరం, పొత్తు

భారతీయ అలంకారశాస్త్రం హాస్యకరుణాలను పరస్పర విరుద్ధ రసాలుగా పరిగణించింది. హాస్యానికి భయానకం, కరుణం విరోధులని విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో చెప్పాడు. భరతుడు హాస్యాన్ని ఆత్మస్థమని, పరస్థమని విభజించాడు. తాను నవ్వడం ఆత్మస్థం, ఇతరులను నవ్వించడం పరస్థం. నవ్వులోని తరతమభేదాలను కూడా స్మితం మొదలుకొని అతిహసితం వరకు ఆరుగా లెక్కించాడు. ఈ లెక్క ప్రకారం చూస్తే కష్టంలో ఉన్నవాడు నవ్వడం అనౌచిత్యం. శవం పక్కన పరిహాసం రసాభాసం.

అయినా తెలుగు కవులు ఈ వైరాన్ని దాటే దారి ఒకటి చాలాకాలం క్రితమే కనుక్కున్నారు. అదే నిందాస్తుతి. పైకి తిట్టుగా, లోపల మొరగా సాగే ఈ పద్ధతికి కృష్ణా డెల్టాలోనే గొప్ప ఉదాహరణ ఉంది. కృష్ణాతీరంలోని శ్రీకాకుళ క్షేత్రంలో వెలసిన ఆంధ్రమహావిష్ణువును సంబోధిస్తూ కాసుల పురుషోత్తమ కవి చెప్పిన ‘ఆంధ్రనాయక శతకం’ ఆద్యంతం వ్యాజస్తుతిమయం. దేవుడి ఘనకార్యాలను ఒక్కొక్కటిగా తిరగేసి చూపి, ‘ఇంతేనా నీ గొప్ప’ అనే ధోరణిలో ఆ శతకం నడుస్తుంది. గోదావరీతీరంలో భల్లా పేరకవి చెప్పిన ‘భద్రగిరి శతకం’ మరో అడుగు ముందుకు వేసింది. దాడికి వెరచి భద్రాద్రిరాముణ్ణి పోలవరానికి తరలించవలసి వచ్చిన సందర్భం ఆ శతకానికి నేపథ్యం. లంకను గెలిచిన రాముడే ఇప్పుడు కాందిశీకుడయ్యాడు. దేవుడి పరుగును ఎత్తిపొడిచే ఆ కవి నవ్వులో తన ఊరి భయం, తన నిస్సహాయత కలిసిపోయి ఉన్నాయి.

నిందాస్తుతిలోని కీలకం చనువు. తిట్టే హక్కు సొంతవాడికే ఉంటుంది. యాచకుడు దాతను తిట్టలేడు, భక్తుడు దేవుణ్ణి తిట్టగలడు. కష్టంలో ఉన్నవాడు పరిహాసానికి పూనుకున్న క్షణంలో యాచకస్థానం విడిచి బంధుస్థానంలోకి వస్తాడు. తనకూ ఎదుటివాడికీ మధ్య ఒక లెక్క ఉందని, ఆ లెక్క ఇంకా తేలలేదని గుర్తుచేస్తాడు. జాషువ అందుకున్నది ఈ సంప్రదాయాన్నే. అయితే పురుషోత్తమ కవికి గుడి తలుపు తెరిచే ఉంది. జాషువ కావ్యనాయకుడికి ఆ తలుపు మూసి ఉంది. ఈ ఒక్క తేడా వల్ల పాత నిందాస్తుతికి కొత్త పదును వచ్చింది.

3. కథ చెప్పి బతికిన కవి

జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. తల్లిదండ్రులు లింగమ్మ, వీరయ్య వేర్వేరు కులాలకు చెందినవారు. ఆ కాలంలో అటువంటి కుటుంబానికి ఊరిలో ఏ వాడా పూర్తిగా సొంతం కాదు. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో జాషువ పద్యాలు చదివినప్పుడు, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు ఆయనను అవమానించారు. మరోవైపు, హిందూ దేవతలపై పద్యాలు అల్లుతున్నాడన్న కారణంతో క్రైస్తవ సమాజం ఆయన కుటుంబాన్ని వెలివేసింది. ఒకరు కులం చూసి తోసేస్తే మరొకరు కవిత్వం చూసి తోసేశారు. ఊరు దాటకుండానే రెండుసార్లు బహిష్కృతుడైన కవి ఆయన.

ఆయన జీవితంలోని ఒక చిన్న ఉద్యోగం ఈ సందర్భంలో ప్రత్యేకంగా గమనించదగినది. మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతంపై చేస్తున్న ఉపాధ్యాయవృత్తి పోయాక ఆయన రాజమహేంద్రవరం చేరి, 1915–16 ప్రాంతంలో సినిమా వాచకుడిగా పనిచేశారు. అవి మూకీ చిత్రాల రోజులు. తెరమీద బొమ్మలు కదులుతుంటే వాటికి తగినట్లు కథను, సంభాషణలను పైకి చదివి వినిపించడం వాచకుడి పని. తెరమీది మనిషికి నోరుంది గాని గొంతు లేదు. ఆ గొంతు చీకట్లో నిలబడ్డ ఒక పేద యువకుడిది. నవ్వించవలసిన చోట నవ్వించాలి, కంటతడి పెట్టించవలసిన చోట పెట్టించాలి. తన కడుపులో ఏమున్నా తెరమీది కథ ఆగకూడదు.

ఆ అనుభవానికీ తరువాతి కావ్యాలకూ మధ్య కార్యకారణ సంబంధాన్ని నిరూపించడం కష్టం. పోలికను మాత్రం కాదనలేం. జాషువ ప్రధాన కావ్యాల్లో కవి తన బాధను నేరుగా ‘నేను’ అని చెప్పుకోవడం తక్కువ. ఒక పారసీక కవికో, ఒక అరుంధతీసుతుడికో, ఒక యుద్ధబాధితుడికో గొంతునిస్తాడు. తన జీవితాన్ని నేరుగా చెప్పదలచినప్పుడు కూడా ‘నా కథ’ అనే పేరుతో పద్యకావ్యంగానే చెప్పారు. కష్టం ముందుగా కథ కావాలి, అప్పుడే అది ఇతరుల చెవికెక్కుతుందన్న ఎరుక ఆ పేరులోనే ఉంది. వినుకొండ మెట్టసీమ నుంచి కృష్ణా పడమటి డెల్టాకు కేంద్రమైన గుంటూరు చేరి, ఉపాధ్యాయ శిక్షణాలయంలోను, 1928 నుంచి 1942 వరకు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగాను పనిచేసిన కాలంలోనే ఆయన ప్రధాన కావ్యాల్లో కొన్ని వెలువడ్డాయి.

4. ఫిరదౌసి: పారిపోయిన కవి లెక్క

‘షాహ్‌నామా’ కర్త ఫిరదౌసి పలాయనగాథ పారసీక సాహిత్యంలో సుప్రసిద్ధం. 12వ శతాబ్దికి చెందిన నిజామీ అరూజీ తన ‘చహార్ మకాలా’ గ్రంథంలో దీనిని చెప్పాడు. సుమారు మూడు దశాబ్దాలు శ్రమించి రాసిన మహాకావ్యానికి గజనీ మహమూదు ఇచ్చినది ఇరవైవేల దిర్హములు, అంటే వెండి నాణేలు. అవమానపడ్డ కవి నేరుగా స్నానశాలకు వెళ్ళి స్నానం చేశాడు. బయటికి వచ్చి పానీయం తాగాడు. రాజు ఇచ్చిన సొమ్మును స్నానశాల పనివాడికి, పానీయం అమ్మినవాడికి పంచిపెట్టాడు. రాజసత్కారం విలువ ఒక స్నానం, ఒక గుక్క పానీయం అని ఒక్క మాటైనా అనకుండా తేల్చేసిన పరిహాసమది. ఆ తరువాత హెరాత్‌లో ఒక పుస్తకవర్తకుడి ఇంట్లో ఆరు నెలలు దాక్కున్నాడు. అక్కడినుంచి తూస్‌కు, తబరిస్తాన్‌కు సాగిపోయాడు. తబరిస్తాన్ పాలకుడి ఆశ్రయంలో మహమూదుపై నూరు ద్విపదల అధిక్షేపం రాశాడు. గొడవ ముదరకూడదని ఆ పాలకుడు ద్విపదకు వెయ్యి దిర్హముల చొప్పున దానిని కొని చెరిపేయించాడట.

ఈ ఐతిహ్యపు చారిత్రకతను పండితులు సందేహించారు. కథగా మాత్రం ఇందులోని లెక్క ఆసక్తికరం. స్తుతికావ్యం అంతటికీ ఇరవైవేలు, నూరు తిట్టుపద్యాలకు లక్ష. కాందిశీకుడైన కవి చేతిలో మిగిలిన ఆయుధం ఎంత విలువైనదో చెప్పడానికి లోకం ఈ లెక్కను కల్పించుకున్నదనుకున్నా, ఆ కల్పనే ఒక విమర్శ.

జాషువ ఈ గాథ స్థూలరూపాన్ని తీసుకొని తెలుగు పద్యాల్లో కావ్యంగా మలిచారు. పద్యానికొక బంగారు నాణెమన్న వాగ్దానం, వెండి ముట్టజెప్పిన వంచన, కవి అధిక్షేపం, సుల్తాను ఆగ్రహం, పలాయనం, ఆలస్యంగా వచ్చిన పశ్చాత్తాపం ఇందులోని ప్రధాన ఘట్టాలు. కవి శవం ఊరు దాటుతున్న వేళకు బంగారం చేరడం కథకు పరాకాష్ఠ. దీనిని కేవలం విషాదాంతంగా చదవడం అలవాటు. జాగ్రత్తగా చూస్తే ఈ ముగింపులో ఒక వికటహాస్యం ఉంది. సామ్రాజ్యాలను జయించినవాడు ఒక్క బాకీ తీర్చడానికి వచ్చేసరికి బాకీదారు లోకంలోనే లేడు. ఓడినవాడు సుల్తానే. కవి తన బాకీని వసూలు చేసుకోకుండా వెళ్ళిపోయి ఆ సుల్తానును శాశ్వత ఋణగ్రస్తుడిని చేశాడు.

తెలుగు సభలో అవమానం పొందిన కవి ఆ బాధను చెప్పడానికి పారసీక కవిని ఎన్నుకోవడంలో ఔచిత్యం ఉంది. వినుకొండ కవి కష్టానికి చలించని సభ్యుడు గజనీ దర్బారులో జరిగిన అన్యాయానికి కళ్ళు ఒత్తుకోగలడు. దూరదేశపు కథకు శ్రోత తలుపు సులభంగా తెరుచుకుంటుంది. లోపలికి వచ్చాక ఆ కథ ఎవరిదో శ్రోతకు తెలుస్తుంది.

5. గబ్బిలం: తలకిందుల దూత

కాళిదాసు ‘మేఘదూతం’లోని యక్షుడు కర్తవ్యంలో ఏమరుపాటు వల్ల ఏడాదిపాటు నిర్వాసితుడై రామగిరిలో గడుపుతాడు. అలకాపురిలోని భార్యకు మేఘంతో సందేశం పంపుతాడు. ‘గబ్బిలం’ ఈ చట్రాన్ని తీసుకొని తిరగేసింది. ఇక్కడి నాయకుడు దక్షిణదేశంలో తంజావూరు సీమకు చెందిన అస్పృశ్యుడు. అతడు చేసిన తప్పు లేదు. అతని నిర్వాసనకు గడువూ లేదు. యక్షుడు ఊరికి దూరమయ్యాడు. ఇతడు ఊళ్ళోనే ఉండి ఊరికి దూరమయ్యాడు. యక్షుడి సందేశం ప్రియురాలికి, ఇతడి సందేశం శివుడికి.

దూతను ఎంచుకోవడంలోనే కావ్యంలోని వ్యంగ్యమంతా ఉంది. సందేశకావ్యాల్లో దూతలు సాధారణంగా అందమైనవారు. మేఘం, హంస, చిలుక, కోకిల ఆ కోవలోనివి. గబ్బిలం ఇంట్లోకి వస్తే అరిష్టమని లోకం భయపడుతుంది. అది పక్షుల్లోనూ పూర్తిగా చేరదు, జంతువుల్లోనూ పూర్తిగా చేరదు. తలకిందులుగా వేలాడుతుంది. అటువంటి జీవి రాత్రివేళ ఒక అంటరానివాడి గుడిసెలోకి వస్తే అతనికి అది అరిష్టంగా తోచలేదు, ఆప్తబంధువుగా తోచింది. తన ఇంటికి అతిథిగా వచ్చేది గబ్బిలమొక్కటేనన్న నిజాన్ని ఏడుస్తూ చెప్పడానికీ, ఆ గబ్బిలానికి మర్యాదలు చేస్తూ చెప్పడానికీ ఎంతో భేదం ఉంది. రెండోది చదివే పాఠకుడు మొదట చిరునవ్వు నవ్వుతాడు. ఆ తరువాత ఆ నవ్వు ఎవరి మీదో ఆలోచించవలసి వస్తుంది.

గబ్బిలానికి ఉన్న అర్హత మరొకటి ఉంది. పాత గుడుల గోపురాలు, గర్భగుడి మూలలు దాని నివాసాలు. మనిషిని గడప దాటనివ్వని గుడి గబ్బిలానికి ఇల్లు. దేవుడి చెవికి దగ్గరగా వేలాడే అవకాశం దానికుంది. అందుకే నాయకుడు దానిని వేడుకుంటాడు. పూజారి లేని సమయం చూసి తన గోడు శివుడికి వినిపించమని జాగ్రత్త కూడా చెబుతాడు. తెలుగు పాఠకలోకంలో విశేషంగా ప్రచారం పొందిన ఈ ఘట్టంలో హాస్యానికి, కరుణకు మధ్య గీత గీయడం అసాధ్యం. సర్వాంతర్యామికి ఒక మాట చెప్పాలంటే మధ్యవర్తి కన్నుగప్పాలి! ఈ పరిస్థితిలోని అసంగత్యమే నవ్వు పుట్టిస్తుంది. ఆ అసంగత్యమే ఒక మనిషి బతుకు కావడం గుండె కోస్తుంది. విశ్వనాథుడు విరోధులన్న రసాలు రెండూ ఇక్కడ ఒకే వాక్యంలో కాపురమున్నాయి.

పురుషోత్తమ కవి నిందాస్తుతితో దీనిని పోల్చినప్పుడు భేదం స్పష్టమవుతుంది. గుడి లోపల నిలబడి దేవుణ్ణి తిట్టే భక్తుడికి దూత అవసరం లేదు. బయట నిలబడ్డవాడి తిట్టు లోపలికి చేరాలంటే దానికి రెక్కలు కావాలి. తెలుగు నేల చారిత్రక స్థలాల మీదుగా గబ్బిలానికి దారి చెప్పే వర్ణనల్లోనూ ఇదే మెలిక ఉంది. తనను మనిషిగా లెక్కించని దేశపు చరిత్రను, శిల్పాన్ని, నదులను ఇంత ప్రేమతో, ఇంత వివరంగా చెప్పగలవాడు ఆ దేశానికి పరాయివాడెలా అవుతాడు? దారి చెప్పడమే ఇక్కడ దేశంపై హక్కును ప్రకటించడం. ఏ దిక్కుకు పోవాలో తెలియనివాడు కాందిశీకుడైతే, ఈ నాయకుడు దిక్కులన్నీ తెలిసినవాడు. అతనికి లేనిది నడిచే అనుమతి మాత్రమే.

6. కాందిశీకుడు: పుర్రెతో సంభాషణ

1945 నాటికి జాషువ ఉద్యోగజీవితం యుద్ధంతో ముడిపడింది. రెండవ ప్రపంచయుద్ధ సమయంలో ఆయన యుద్ధప్రచారకుడిగా కూడా పనిచేశారు. యుద్ధానికి అనుకూలంగా మాట్లాడే ఉద్యోగం చేసిన కవే, యుద్ధం తరిమిన మనిషిని కావ్యనాయకుడిగా నిలిపారు. ‘కాందిశీకుడు’లో ఆ మనిషి ఎదుట నిలిచిన శ్రోత ఒక పుర్రె. బతికున్నవారు వినకపోతే చచ్చినవారికి చెప్పుకోవడం, చచ్చినవారు బతికున్నవాడికి చరిత్ర బోధించడం ఈ కల్పనలోని విపర్యాసం. పుర్రెకు కులం కనబడదు, దేశం కనబడదు. దానికి చర్మం లేదు గనుక ముఖకవళికలూ లేవు. ఉన్నదల్లా పళ్ళు బయటపెట్టిన శాశ్వతమైన నవ్వు. ఆ నవ్వు ముందు విజేత, పరాజితుడు, శరణార్థి, పాలకుడు అనే భేదాలు నిలవవు.

‘గబ్బిలం’ నాయకుడు గబ్బిలంతో మాట్లాడాడు, ‘కాందిశీకుడు’ నాయకుడు పుర్రెతో మాట్లాడాడు. ఈ రెండు ఎంపికలూ సమకాలీన సమాజంపై మౌనంగా చేసిన నేరారోపణలే. కోట్లమంది జనం మధ్య ఒక మనిషికి మాట్లాడటానికి మనిషి దొరకలేదన్నది ఆ ఆరోపణ.

భారతదేశంలో ఇదే దశకంలో మరో భాషలో మరో కాందిశీకుడు ఇటువంటి దారినే ఎంచుకోవడం గమనార్హం. సాదత్ హసన్ మంటో 1948 జనవరిలో బొంబాయి విడిచి లాహోరు చేరాడు. ఆ ఏడాదే వెలువడిన ఆయన ‘సియాహ్ హాషియే’లో దేశవిభజన మారణకాండపై అతిచిన్న కథలున్నాయి. కొన్ని రెండుమూడు వాక్యాలు దాటవు. వాటి నడక చాలావరకు చతురోక్తి నడక. చివరి మాట దగ్గర నవ్వు రావలసిన చోట ఒళ్ళు జలదరిస్తుంది. మంటో వచనాన్ని కుదించాడు, జాషువ పద్యాన్ని పెంచారు. ఒకరిది క్షణకాలపు చురక, మరొకరిది సుదీర్ఘ సంభాషణ. ఇద్దరూ తిరస్కరించినది ఒక్కటే: బాధితుణ్ణి లెక్కల్లో ఒక అంకెగానో, జాలికి ఒక వస్తువుగానో మార్చే కథనం.

7. రంగస్థలం: నక్షత్రకుడు, కాటిసీను

జాషువ పద్యాలకు కృష్ణా డెల్టాలో పుస్తకానికి వెలుపల మరో జీవితం ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రచించిన హరిశ్చంద్ర నాటకం గుంటూరు, తెనాలి, విజయవాడ ప్రాంతాల్లో తరతరాలుగా రాత్రుళ్ళు ఆడింది. హరిశ్చంద్రుడు కూడా ఒక నిర్వాసితుడే. రాజ్యం విడిచి, ఆలుబిడ్డలతో కాశీదారి పట్టి, చివరకు కాటికాపరి అయినవాడు. ఆ ప్రయాణంలో అతని వెంట నడిచేది నక్షత్రకుడు. విశ్వామిత్రుడి బాకీ వసూలు చేయడానికి వచ్చిన ఈ శిష్యుడు అడుగడుగునా కొర్రీలు వేస్తూ ప్రేక్షకులను నవ్విస్తాడు. అప్పులవాడు వెంటబడటమంటే ఏమిటో తెలిసిన రైతులు, కూలీలు, చిరుద్యోగులు ఆ సన్నివేశాలకు విరగబడి నవ్వారు. పేరుకు పురాణకథే అయినా అది వారి ఇంటి కథ. తరువాత వచ్చే కాటిసీనులో అదే ప్రేక్షకులు కన్నీరు పెట్టారు. నవ్వు ముందు వచ్చి గుండె తలుపు తీయడం వల్లనే ఆ కన్నీరు అంత సులభంగా వచ్చింది.

ఆ కాటిసీనులో నటులు జాషువ రాసిన శ్మశాన పద్యాలను చేర్చుకొని పాడటం ఆనవాయితీ అయింది. నాటకకర్త రాసినవి కాకపోయినా ప్రేక్షకులు వాటిని నాటకంలో భాగంగానే స్వీకరించారు, ‘వన్స్ మోర్’ కొట్టి మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. మరణం ముందు అందరూ సమానులేనన్న భావాన్ని రాగాలాపనతో విని తలలూపినవారిలో, బతికున్నప్పుడు ఆ సమానత్వాన్ని అంగీకరించనివారూ ఉన్నారు. కవిని సభలోకి రానివ్వని సమాజం ఆయన పద్యాన్ని రంగస్థలం మధ్యలో నిలబెట్టుకున్నది. ఇక్కడ పద్యమే గబ్బిలమైంది. కర్తకు ప్రవేశం లేని చోటుకు రెక్కలు కట్టుకొని వెళ్ళి, వారి చెవి దగ్గరే వేలాడింది.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. పద్యం శ్రావ్యంగా ఉన్నప్పుడు శ్రోత రాగాన్ని తీసుకొని నిందను వదిలేయవచ్చు. నక్షత్రకుడి చేష్టలకు నవ్వినవాడు ఇంటికి వెళ్ళి తన పాలేరుకు నక్షత్రకుడే కావచ్చు. కష్టాన్ని కథగా, నవ్వుగా మార్చిన ప్రతి కళాకారుడూ ఈ ప్రమాదాన్ని ఎదుర్కొంటాడు. వినోదం పంచినవాడిని లోకం మెచ్చుకుంటుంది, అతడు చెప్పినదాన్ని మరిచిపోతుంది. జాషువకు దక్కిన ‘కవికోకిల’, ‘నవయుగ కవిచక్రవర్తి’ బిరుదులు, 1964 నాటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970 నాటి పద్మభూషణ్ గౌరవం సముచితమైనవే. ఆయన కావ్యాల్లోని బాకీ మాత్రం వాటితో తీరదు. గౌరవించడం, వినడం రెండు వేర్వేరు పనులు.

8. ఉపసంహారం

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు తేటతెల్లమవుతాయి. మొదటిది, జాషువ కావ్యాల్లో నిర్వాసితుడి నవ్వు వినోదం కోసం పుట్టినది కాదు. అది మాట్లాడేవాడి స్థానాన్ని మారుస్తుంది. విలపించేవాడు అర్థి, ఎత్తిపొడిచేవాడు సాక్షి. ఫిరదౌసి సుల్తాను బాకీకి సాక్షి, ‘గబ్బిలం’ నాయకుడు గుడి గడపకు సాక్షి, కాందిశీకుడు యుద్ధానికి సాక్షి. రెండవది, ఈ పద్ధతి బయటినుంచి వచ్చినది కాదు. శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి, భద్రాద్రిరాముణ్ణి చనువుగా నిలదీసిన శతకకవుల నిందాస్తుతిలో దాని వేళ్ళున్నాయి. ఆ చనువును గుడి బయటివాడికి దక్కించడం జాషువ సాధించిన మార్పు. మూడవది, కథ చెప్పడం ఇక్కడ పోగొట్టుకున్న చోటుకు ప్రత్యామ్నాయం కాదు. బంగారం ఆలస్యంగా వస్తుంది, గుడి తలుపు మూసే ఉంటుంది, రంగూన్‌లో వదిలిన ఇల్లు తిరిగి రాదు. కథ చేసేది ఆ నష్టాన్ని లెక్కలోనుంచి జారిపోకుండా పట్టి ఉంచడం.

బర్మా దారిలో నడిచి వచ్చిన తెలుగువారిలో అక్షరం రానివారే అధికులు. వారు తమ పిల్లలకు, ఇరుగుపొరుగుకు చెప్పుకున్న కథల్లో, వేసుకున్న ఛలోక్తుల్లో అచ్చుకెక్కినవి స్వల్పం. తీరాంధ్ర కుటుంబాల్లో మూడవ, నాలుగవ తరాల నోట ఇంకా మిగిలిన ఆ కథలను సేకరించి, జాషువ కావ్యం పక్కన ఉంచి చదవవలసిన అవసరం ఉంది. ‘ఏ దిక్కుకు?’ అని అడిగినవారి గొంతులు పుర్రెలకే పరిమితం కాకుండా మనుషుల చెవులకు చేరే దారి అదే.